స్కానింగ్ అయ్యాక కాగితాలు

రికార్డుల గదిలోకి మంచినీళ్ళ సీసా రానిచ్చేది కాదు జాగ్రత్తమ్మ. పెద్ద డాక్టరుగారి సీసా అయినా సరే, గుమ్మం బయట బల్ల మీద ఉండాల్సిందే. టీ గ్లాసుతో వచ్చినవాళ్ళు అక్కడే తాగేసి, చేతులు తుడుచుకుని లోపలికి రావాలి. వానలో వచ్చినవాళ్ళు తల ఆరేదాకా వరండాలో నిలబడాలి. ఇన్ని జాగ్రత్తలు చెప్పీ చెప్పీ ఆమె అసలు పేరు ఆసుపత్రిలో ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. జీతాల గుమాస్తా కూడా సంతకం చేయించుకునేటప్పుడు ఒక్క క్షణం తడబడి, "ఇక్కడండీ, జాగ్రత్తమ్మగారూ" అనేవాడు.

అది కాన్పుల ఆసుపత్రి. ఊళ్ళో సగం మంది అక్కడ పుట్టినవాళ్ళే. పుట్టిన ప్రతి బిడ్డకీ ఒక కాగితం ఉండేది. తల్లి పేరు, పుట్టిన వేళ, బరువు, వెంటనే ఏడ్చిందా లేదా, ఒంటి మీద మచ్చలేమైనా ఉన్నాయా, కింద డాక్టరు సంతకం. మనిషి బతికున్నంతకాలం ఆ కాగితం వెచ్చగా ఉండేది. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిన కుర్చీలో కూర్చుంటే తెలుస్తుందే, అంత వెచ్చన. జ్వరమొస్తే కాగితమూ కాలేది. మనిషి పోతే చల్లబడేది, ఆ తర్వాత మామూలు కాగితం. ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు. కొత్తగా చేరిన ఆయాకి పనులు చెబుతూ, "ఆ మూల అలమార్ల దగ్గర ఎక్కువసేపు ఊడవకు, ఉక్కపోస్తుంది, అన్నీ చిన్నపిల్లలవి" అని కూడా చెప్పేవారు. చలి రోజుల్లో ఆసుపత్రి పిల్లులన్నీ ఆ మూలకే చేరేవి. వాటిని తోలడం జాగ్రత్తమ్మకి ఇంకో పని.

అప్పుడప్పుడు కిటికీ దగ్గరికి ఎవరో ఒకరు వచ్చేవారు. "మా చిన్నాన్న ఇల్లు వదిలిపోయి చాలా కాలమైందమ్మా. ఎదురు చూడమంటారా, వద్దంటారా?" అని అడిగేవారు. ఆమె వెతికి, చెయ్యి పెట్టి చూసి, వచ్చి "చూడండి" అనేది. లేదంటే, "కాసేపు కూర్చోండి" అని కుర్చీ చూపించేది. కుర్చీ చూపిస్తే వాళ్ళకి అర్థమైపోయేది.

రోజూ కిటికీలు తెరిచాక, ఇంకా ఎవరూ రాకముందే, ఆమె గోడవైపు చివరి అలమారు దగ్గరికి వెళ్ళేది. మధ్య అరలో ఒక కట్ట విప్పి, అందులో ఒక కాగితం మీద అరచెయ్యి ఆనించి నిలబడేది. అది ఆమె తమ్ముడిది.

తమ్ముడు ఓడల్లో వంటవాడిగా వెళ్ళాడు. మొదట్లో ప్రతి రేవు నుంచీ ఫోన్ చేసేవాడు. "అక్కా, ఇక్కడ సముద్రం మన వెనకింటి గోడ రంగులో ఉందే" అనేవాడు. తర్వాత్తర్వాత గుర్తొచ్చినప్పుడు చేసేవాడు. ఆ తర్వాత అదీ లేదు. నంబరు మారింది, ఓడ మారింది, కంపెనీవాళ్ళని అడిగితే "మా దగ్గర మానేశాడండీ" అన్నారు. గొడవా లేదు, అలకా లేదు. వాడి తత్వమే అంత. చిన్నప్పుడు పాలు తెమ్మని పంపితే ఊరంతా చూసుకుని దీపాలు పెట్టే వేళకి వచ్చేవాడు, పాలు లేకుండా. తల్లి తొందరగా పోతే వాణ్ణి చంకనేసుకుని పెంచింది జాగ్రత్తమ్మే. ఇప్పుడు వాడెక్కడున్నాడో తెలీదు, కానీ కాగితం వెచ్చగా ఉంది. అంటే ఉన్నాడు. ఆ ఒక్క సంగతి తెలిశాక ఆమెకి రోజు మొదలయ్యేది.

ఒకరోజు పెద్ద డాక్టరుగారు పిలిపించారు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, దాని కోసమే బల్లంతా వెతుక్కుంటున్నారు.

"నెత్తిమీద ఉంది సార్."

"ఆ, థాంక్సండీ. కూర్చోండి. నిన్న పుట్టిన కవలల్ని ఎక్కడ పెట్టామో తెలుసా మీకు? అద్దాల పెట్టెలో అప్పటికే ఇద్దరుంటే వాళ్ళ పక్కనే. సామాన్లు సర్దినట్టు సర్దాం. నాకు గది కావాలి జాగ్రత్తమ్మగారూ. చంటిపిల్లల వార్డు పెంచాలి. ఈ మొత్తం ఆసుపత్రిలో దాంట్లో కలపడానికి వీలున్నది మీ గది ఒక్కటే."

"మరి కాగితాలు?"

"స్కాన్ చేయిద్దాం. అన్నీ కంప్యూటర్లోకి పోతాయి. కంపెనీతో మాట్లాడాను. ఏది ముందు, ఏది తర్వాత, ఎవరేం చెయ్యాలి, ఆ ప్లాన్ మాత్రం మీరు రాయండి. మీకంటే జాగ్రత్తగా ఎవరు రాస్తారు?"

ఆ మాటకి ఇంకోరోజైతే పొంగిపోయేది. ఆ రోజు తలూపి లేచి వచ్చేసింది.

ప్లాన్ రాయడానికి కూర్చుంటే పని ఆమెకి కొత్తేమీ అనిపించలేదు. కాగితాలకున్న పిన్నులూ దారాలూ ఎవరు తియ్యాలి, చిరిగినవాటిని ఎలా అతికించాలి, కంప్యూటర్లో ఒక్కో కాగితానికీ ఏం పేరు పెట్టాలి, ఒకే పేరున్న తల్లులు చాలామంది ఉంటే ఏం చెయ్యాలి, స్కాన్ అయినదాన్ని అసలుతో పోల్చి ఎవరు చూడాలి, ఒక కాపీ పాడైతే ఇంకో కాపీ ఎక్కడుండాలి. అన్నీ వరసగా రాసింది. కూతురు పక్కన కూర్చుని చదువుకుంటూ మధ్యమధ్యలో తొంగి చూసి, "అమ్మా, 'జాగ్రత్తగా' అన్న మాట ప్రతి లైన్లోనూ ఉంది, సగం తీసెయ్" అని నవ్వింది. ఆమె కొన్ని కొట్టేసి, మళ్ళీ రాసుకుంది.

చివరి శీర్షిక దగ్గర చెయ్యి ఆగిపోయింది. "స్కానింగ్ అయ్యాక కాగితాలు" అని రాసి, దాని కింద గీత గీసి, ఆ కింద ఏమీ రాయలేకపోయింది. రోజులు గడుస్తున్నా ఆ చోటు అలాగే ఖాళీగా ఉంది. కూర తరుగుతుంటే అదే ఆలోచన, బస్సులో అదే ఆలోచన. బస్సు దిగాల్సిన చోట దిగడం మర్చిపోయి రెండుసార్లు వెనక్కి నడిచింది.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏ విషయమైనా లిఫ్టులతో పోల్చే చెబుతాడు.

"ఎందుకే అంత బెంగ? లిఫ్టు ఆగిపోతే లోపలున్న మనిషి ఆగిపోతాడా? ఊపిరి తీసుకుంటూనే ఉంటాడు. కాగితం కాగితమే, మనిషి మనిషే."

"లిఫ్టు ఆగితే సరే. తీగ తెంపేస్తే?"

అతను ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. "తీగలు మూడు నాలుగుంటాయిలే" అన్నాడు చివరికి. కానీ ఆ మాట అతనికే నమ్మకంగా వినిపించలేదు.

అసలు చిక్కల్లా అదే. గది పోతే కాగితాలు దాచే చోటుండదు, చింపెయ్యాల్సిందే. వెచ్చగా ఉన్న కాగితాన్ని ఇంతవరకూ ఎవరూ చింపలేదు. చింపితే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. ఏమీ కాకపోవచ్చు. కబురు తెలియడం ఆగిపోతుంది, అంతే కావచ్చు. లేదా…

ఆ "లేదా" దగ్గర ఆమె ఆలోచన ముందుకు సాగేది కాదు.

స్కానింగ్ కంపెనీ తరఫున ఒక అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల, జుట్టు పైకి ముడేసుకుని పెన్సిలు అందులో గుచ్చుకునేది. మొదటిరోజే నీళ్ళ సీసా బయట పెట్టి, చేతులు తుడుచుకుని లోపలికి రావడంతో జాగ్రత్తమ్మకి నచ్చేసింది. ఇద్దరూ అలమార్ల మధ్య తిరుగుతూ ప్లాన్ అంతా మాట్లాడుకున్నారు.

"వెచ్చదనం సంగతేంటమ్మా?" అని అడిగింది జాగ్రత్తమ్మ.

"నేనూ అదే ఆలోచించాను మేడమ్. ఒక గడి పెడదాం. వెచ్చగా ఉంది, చల్లగా ఉంది, కాలుతోంది. ఏదుంటే దానికి టిక్కు పెడతాం."

"ఇవాళ టిక్కు పెడితే, రేపటి సంగతి?"

"రేపు మళ్ళీ చూసి…" అని ఆ అమ్మాయి ఆగిపోయింది. "రేపటికి కాగితం ఉండదు కదా."

"కంప్యూటరుకి వస్తుందేమో ఆ వెచ్చదనం?"

"కంప్యూటర్లు ఎప్పుడూ వేడిగానే ఉంటాయి మేడమ్. మేమే ఏసీ పెట్టి చల్లబరుస్తాం. అది ఎవరి వేడో ఎలా చెప్తాం?" అని, కాస్త గొంతు తగ్గించి, "నా కాగితం కూడా ఇక్కడే ఉంది. చిన్నప్పుడు మా అమ్మ తీసుకొచ్చి చూపించింది" అంది.

ఇద్దరూ కలిసి పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్ళారు. ఆయన ప్లాన్ అంతా తిరగేసి, బాగుంది బాగుంది అంటూ చివరి పేజీకి వచ్చి ఆగారు.

"ఇక్కడేం రాయలేదేం? చింపెయ్యాలి అని రాయండి. పెట్టుకోవడానికి చోటు లేకే కదా ఇదంతా."

"వెచ్చగా ఉన్నవి కూడానా సార్?"

"ఎవరికీ ఏమీ కాదండీ."

"తెలుసా సార్?"

ఆయన నిజాయితీపరుడు. "తెలీదు" అన్నారు. "కానీ ఏమవుతుంది చెప్పండి?"

"మీ కాగితం కూడా ఇక్కడే ఉంది సార్. నేనే సర్దాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. కిటికీలోంచి చంటిపిల్లల వార్డువైపు చూశారు. "సరే, నాది… నాది చివర్లో చేద్దాం" అన్నారు.

ముందుగా కొన్ని కాగితాలతో చేసి చూడాలని అనుకున్నారు. ఎంత వేగంగా సాగుతుందో, ఎక్కడ ఇబ్బందులొస్తాయో తెలియాలి కదా. జాగ్రత్తమ్మ బాగా ఆలోచించి, ఎప్పుడో చల్లబడిపోయిన పాత కట్టలతో మొదలుపెట్టాలని రాసింది. అలా రాసిన రోజు కాస్త అన్నం సహించింది.

అయితే ఆ వారంలోనే వార్డు పెంచడానికి గోడ కొట్టేవాళ్ళు కొలతలు తీసుకోవడానికి వచ్చారు. వెనక గోడకి చెమ్మ పట్టిందనీ, దాన్ని ఆనుకున్న అలమారు వెంటనే జరపాలనీ అన్నారు. జరపడానికి కాగితాలన్నీ దింపారు. పెద్ద డాక్టరుగారు అటుగా వెళుతూ ఆ కట్టలు చూసి, "ఎలాగూ దింపారుగా, వీటితోనే మొదలుపెట్టండి" అనేసి, ఏదో కాన్పు కేసుకి పరిగెత్తారు.

అది చివరి అలమారు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆమె తమ్ముడి కాగితం తీసి సంచీలో పెట్టుకుంది. గుమ్మం దాకా వచ్చింది. తాళం చేతిలో ఉంది. సంచీ లోంచి వెచ్చదనం నడుముకి తగులుతోంది, చిన్నప్పుడు వాడు చంకనెక్కినప్పుడు తగిలినట్టు. బయట బల్ల మీద తన నీళ్ళ సీసా తీసుకోబోతుంటే, ఎప్పుడో చిన్నాన్న కోసం వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి ముఖం గుర్తొచ్చింది. ఆ కట్టలో ఉన్నవాళ్ళందరికీ ఎవరో ఒక అక్క ఉండే ఉంటుంది. వాళ్ళెవరికీ తాళాలు లేవు. ఆమె వెనక్కి వెళ్ళి కాగితాన్ని తీసిన చోటే పెట్టి, తనలో తను తిట్టుకుంటూ ఇంటికి వచ్చింది. తిట్టుకున్నది తీసినందుకో, తిరిగి పెట్టినందుకో ఆమెకే తెలీలేదు.

స్కానింగ్ సెలవురోజున పెట్టుకున్నారు, రోగుల రద్దీ ఉండదని. మేడ మీది గదిలో మిషను బిగించారు. జాగ్రత్తమ్మ పిన్నులు తీసి అందిస్తుంటే ఆ అమ్మాయి ఒక్కో కాగితం మిషనులో పెట్టేది. పచ్చటి వెలుగు ఇటు నుంచి అటు పాకేది, కాగితం అవతలి పక్కకి వచ్చి పడేది. పనేమో సాఫీగా సాగిపోతోంది. తమ్ముడి కాగితం వంతు వచ్చినప్పుడు జాగ్రత్తమ్మ దాన్నీ అందరివీ ఇచ్చినట్టే ఇచ్చింది. చేతికి అది కాస్త ఎక్కువ వేడిగా అనిపించింది గానీ, తన చేతులే చెమటతో చల్లగా ఉన్నాయనుకుంది. వెలుగు పాకింది. కాగితం అవతల పడింది.

వెంటనే వెళ్ళి ముట్టుకుంది. కాలుతోంది. పక్కది ముట్టుకుంది. అదీ కాలుతోంది. కట్టలో పోయినవాళ్ళవీ ఉన్నవాళ్ళవీ అన్నీ ఒకటే వేడి.

"మిషను దీపం వేడి మేడమ్" అంది ఆ అమ్మాయి. "కాసేపట్లో చల్లారిపోతాయి. అప్పుడు తెలుస్తుంది."

ఇద్దరూ కాగితాల్ని ఒక్కొక్కటిగా బల్లల మీద పరిచి, పక్కన కుర్చీలేసుకుని కూర్చున్నారు. కింద ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుస్తోంది. ముందు పోయినవాళ్ళవి చల్లారాయి, గచ్చులా అయ్యాయి. ఉన్నవాళ్ళవి మెల్లగా తగ్గి, తమ వెచ్చదనం దగ్గర నిలబడ్డాయి. ఆ అమ్మాయి తిరిగి తిరిగి చూస్తూ, "ఇవి బాగున్నాయి, ఇవీ బాగున్నాయి, స్కాన్ చేసినంత మాత్రాన ఏమీ కాలేదు మేడమ్" అని సంతోషంగా చెప్పుకొస్తోంది. చెబుతూ చెబుతూ జాగ్రత్తమ్మ ముందున్న కాగితం దగ్గరికి వచ్చి చెయ్యి పెట్టి, చటుక్కున తీసేసింది.

"ఇంకా చల్లారలేదేం ఇది?"

"మిషను వేడేనా?" అంది జాగ్రత్తమ్మ.

"మిషను వేడి ఇంతసేపు ఉండదు మేడమ్."

జ్వరం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె ఎన్ని జ్వరాలు చూడలేదు. వానలు పడితే పిల్లల అలమార్లన్నీ కాలిపోయేవి, నాలుగు రోజుల్లో తగ్గేవి. ఇలాంటి వేడి మాత్రం ఎప్పుడూ చూడలేదు. కాగితం అంచులు వణుకుతున్నాయి. గదిలో గాలి లేదు.

ఆమె తమ్ముడి పాత నంబరుకి ఫోన్ చేసింది, పలకలేదు. ఓడల కంపెనీకి చేసింది. సెలవురోజు. ఆ అమ్మాయి కిందికి పరిగెత్తి పెద్ద డాక్టరుగారిని పిలుచుకొచ్చింది. ఆయన కాగితం మీద చేతి వెనకవైపు ఆనించి చూశారు, బిడ్డ నుదురు చూసినట్టే.

"ఎవరిది?"

"మా తమ్ముడు సార్."

"ఎక్కడున్నాడు?"

"తెలీదు సార్."

"ఇది మామూలు జ్వరం కాదండీ. వెంటనే తగ్గించాలి. తగ్గించకపోతే…" ఆయన జేబులోంచి పెన్ను తీశారు, అలవాటుగా. తీసి దాన్ని చూస్తూ నిలబడిపోయారు. "మందు రాయమంటే రాస్తాను. ఎవరికివ్వను?"

కాగితం వేడికి బల్ల మీది రంగు పొక్కిపోతోంది. ఆ అమ్మాయి ఏం చెయ్యాలో తోచక కంప్యూటరు ముందు కూర్చుని, "స్కాన్ మాత్రం చాలా బాగా వచ్చింది మేడమ్" అంది ఏడుపు గొంతుతో. "మీ అమ్మగారి పేరు, బరువు, సంతకం, అన్నీ ఉన్నాయి. ఒక్క అక్షరం కూడా పోలేదు."

జాగ్రత్తమ్మ తల తిప్పి ఆ అమ్మాయిని చూసింది.

"ఒక్కటి కూడా పోలేదా?"

"లేదు మేడమ్."

"అయితే దీంతో ఆసుపత్రికి ఇంక పని లేదు."

ఆమె లేచి వరండాలోకి వెళ్ళి, అక్కడ పెట్టిన తన నీళ్ళ సీసా తీసుకుని గదిలోకి వచ్చింది. చేతిరుమాలు తడిపి, కొద్దిగా పిండి, కాగితం మీద నిలువుగా పరిచింది. సన్నగా ఆవిరి లేచింది. రుమాలు నిమిషంలో ఆరిపోయింది. మళ్ళీ తడిపింది. పెద్ద డాక్టరుగారు తన రుమాలు కూడా తీసిచ్చారు. ఆ అమ్మాయి కిందనుంచి బక్కెట్టుతో నీళ్ళు మోసుకొచ్చింది. గుడ్డ తీస్తున్నారు, తడుపుతున్నారు, వేస్తున్నారు. నీలం సిరా కరిగి పారడం మొదలైంది. ముందు బరువు పోయింది, తర్వాత పుట్టిన వేళ. తల్లి పేరు సాగి సాగి, ఒక నీలం చారయి, బల్ల అంచు నుంచి కింద బొట్లుబొట్లుగా పడింది. ఇన్నేళ్ళుగా ఒక్క చుక్క తేమ తగలనివ్వని కాగితం. ఆమె చేతులు ఆగలేదు. "చాలాసార్లు పడ్డావురా ఇలా, చాలాసార్లు లేచావు" అని గొణుగుతూనే ఉంది.

సాయంత్రం ఎండ కిటికీలోంచి వాలేసరికి గుడ్డ ఆరడం మానేసింది.

"తగ్గింది" అంది ఆ అమ్మాయి.

ఆమె కాగితం మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. తడి కాగితం ఏదైనా చల్లగానే ఉంటుంది. కానీ ఆ చల్లదనం తడిదో, ఇంకొకటో ఎలా తెలుస్తుంది? ఒంటికి హత్తుకుందామనుకుంది, కానీ అప్పుడు తన వేడే దానికెక్కి మోసం చేస్తుంది. ఆరేదాకా ఆగడం తప్ప దారి లేదు. కాగితాన్ని పొడి బల్ల మీదికి మార్చి, దూరంగా జరిగి నిలబడ్డారు ముగ్గురూ. దాని మీద ఇక ఒక్క అక్షరం లేదు. అంచులు ముందు ఆరాయి, ముడతలు పడుతూ పైకి లేచాయి. తడి మచ్చ చిన్నదవుతూ చిన్నదవుతూ మధ్యలోకి చేరి, మాయమైంది.

"మీరు చూడండి సార్" అంది ఆమె.

ఆయన ఒక అడుగు ముందుకేసి ఆగిపోయారు. వేలమంది బిడ్డల్ని చేతుల్లోకి తీసుకున్న మనిషి. "నా వల్ల కాదండీ" అన్నారు.

చివరికి ఆ అమ్మాయి వెళ్ళింది. కాగితం మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయింది. జాగ్రత్తమ్మ తనకి తెలియకుండానే కుర్చీ కోసం చూసింది. అప్పుడు ఆ అమ్మాయి కళ్ళు తెరవకుండానే రెండో చెయ్యి చాచి, జాగ్రత్తమ్మ చెయ్యి పట్టి లాగి, తన చేతి పక్కన కాగితం మీద పెట్టింది.

ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిన కుర్చీలా ఉంది.

పెద్ద డాక్టరుగారు వెంటనే కళ్ళజోడు కోసం జేబులన్నీ వెతకడం మొదలెట్టారు. ఈసారి అది ముక్కు మీదే ఉంది.

మర్నాడు ఆమె ప్లాన్‌లో చివరి శీర్షిక కింద రాసింది. స్కానింగ్ అయ్యాక కాగితాలు ఎవరివి వాళ్ళ ఇళ్ళకి ఇవ్వాలి. ఎవరూ రానివాటికి మెట్ల కింది గది చాలు, రోజూ ఒకరు వాటిని ముట్టుకుని చూడాలి. పెద్ద డాక్టరుగారు మారుమాట లేకుండా సంతకం పెట్టారు. కబురు తెలిసి జనం వచ్చారు. బిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా కాగితాలు పట్టుకుని మెట్లు దిగి వెళ్ళారు. గోడ కొట్టేవాళ్ళు వచ్చి గోడ కొట్టారు. అద్దాల పెట్టెలు ఒకదానికొకటి దూరంగా, ఊపిరాడేలా సర్దారు. పెద్ద డాక్టరుగారి కాగితాన్ని ఆయన భార్య స్వయంగా వచ్చి తీసుకెళ్ళింది.

జాగ్రత్తమ్మ తమ్ముడి కాగితాన్ని ఇంటికి తెచ్చుకుంది. ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సమస్యయింది. వంటింట్లో సెగ, బీరువాలో ఉక్క, కిటికీ దగ్గర ఎండ. అంత తడిసిన కాగితం కదా, లోపలెక్కడైనా చెమ్మ ఉండిపోయి బూజు పడితే? ఇల్లంతా తిరిగి తిరిగి, హాల్లో బల్ల మీద, సరిగ్గా ఫ్యాను కింద, నాలుగు మూలలా నాలుగు గాజు గ్లాసులు బోర్లించి పరిచింది. గాలి బాగా తగలాలని ఫ్యాను ఆపనిచ్చేది కాదు. కూతురు శాలువా కప్పుకుని చదువుకునేది.

కొన్ని వారాల తర్వాత, అందరూ భోజనాలు చేస్తుండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"అక్కా."

ఆమె ఎంగిలి చేత్తోనే ఫోన్ పట్టుకుని నిలబడిపోయింది. భర్తా కూతురూ తినడం ఆపి చూస్తున్నారు.

"అక్కా, ఉన్నావా? నేనే. ఏదో రేవులే, నీకు పేరు చెప్పినా తెలీదు. పెద్ద జ్వరమొచ్చింది. ఆసుపత్రిలో పడేశారు. డాక్టర్లు చేతులెత్తేశారట, దుప్పటి ముఖం మీదికి లాగడమే తరువాయి. ఒక మధ్యాహ్నం మెలకువొచ్చి చూద్దును కదా, మంచమంతా తడి. బక్కెట్లతో కుమ్మరించినట్టు. దుప్పటి నిండా నీలం మరకలు. నర్సు నన్నే తిట్టింది, ఇంత నీళ్ళెక్కడివి, ఈ రంగెక్కడిది అని. నాకేం తెలుసు? జ్వరం మాత్రం పోయింది. పడుకుని పడుకుని నువ్వే గుర్తొచ్చావు. పాత బట్టల్లో నీ నంబరు దొరికేదాకా వెతికాను. వచ్చేస్తానక్కా, డాక్టరు పంపగానే."

"రా" అంది ఆమె. ఫోన్ రెండో చేతికి మార్చుకుని, "ఇప్పుడెలా ఉంది ఒంట్లో?" అంది.

"బాగానే ఉంది." అటు నుంచి గట్టిగా ఒక తుమ్ము వినిపించింది, వెనకే ఇంకొకటి. "ఈ తుమ్ములే తగ్గట్లేదు. అందుకే పంపట్లేదు వీళ్ళు. ఎక్కడ కూర్చున్నా, ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా, పొద్దస్తమానం నెత్తిమీద గాలి కొడుతున్నట్టే ఉంటోందక్కా."

జాగ్రత్తమ్మ ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, మెల్లగా వెళ్ళి ఫ్యాను కట్టేసింది.